కట్టు దాటి చూడాలి

ఎముకల వార్డులో కొత్తగా డ్యూటీలో చేరే అమ్మాయిలకూ అబ్బాయిలకూ ఇది రాస్తున్నాను. నా ఉద్యోగంలో ఎక్కువ కాలం కోస్తా జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రుల్లో, ఆ వార్డుల్లోనే గడిచింది. వచ్చిన ప్రతి స్టాఫ్‌నర్సుకీ మొదటిరోజే ఒక మాట చెప్పేదాన్ని: విరిగిన చోటును డాక్టరుగారు చూసుకుంటారు, మన చూపు ఆ చోటు దాటి ఉండాలి. తొడ ఎముక విరిగిన కుర్రాడికి ప్రాణం మీదికి వచ్చేది చాలాసార్లు ఊపిరితిత్తుల్లో. మోచేయి విరిగిన పిల్లాడు పోగొట్టుకునేది వేళ్ల కదలిక. తుంటి విరిగిన మామ్మను కుంగదీసేవి మడమ మీద పుండు, మూత్రంలో ఇన్ఫెక్షన్, రాత్రిపూట మతి తప్పడం. ఇవేవీ విరిగిన ఎముక ఎక్స్‌రేలో కనపడవు. మంచం పక్కన తిరిగే మనిషే కనిపెట్టాలి.

దానికి కావలసిన చదువు మీకు మొదటి సంవత్సరంలోనే అయిపోయింది. ఊపిరి, తిండి, నీళ్లు, విసర్జన, కదలిక, నిద్ర, శుభ్రత అంటూ వర్జీనియా హెండర్సన్ చెప్పిన 14 అవసరాలను పరీక్ష కోసం బట్టీపట్టి ఉంటారు. ఎముకల వార్డులో ఆ జాబితానే రోజూ చేసే పని.

1. ముందు వేళ్లు చూడండి

చేతికో కాలికో కట్టుతో మనిషి మంచం మీదికి రాగానే మీ చేయి అతని వేళ్ల మీదికి వెళ్లాలి. రంగెలా ఉంది, వెచ్చగా ఉన్నాయా, తాకితే తెలుస్తోందా, కదుపుతున్నాడా, వాపెంత, నాడి అందుతోందా. బాగున్న చేతినీ, బాగున్న కాలినీ పక్కన పెట్టి పోల్చండి. గోరు నొక్కి వదిలితే 2 సెకన్లలోపు రంగు తిరిగి రావాలి. మన ఆడవాళ్ల దగ్గర ఇక్కడొక చిక్కుంది. ఆషాఢంలో గోరింటాకు, శ్రావణంలో కాళ్లకు పసుపు. గోరు ఎర్రగా పండి ఉంటే దాని అసలు రంగు ఎలా తెలుస్తుంది? వేలి కొసన మెత్తటి కండ నొక్కి చూడండి, అరికాలు చూడండి. పాదం మీద నాడి దొరికిన చోట పెన్నుతో గుర్తు పెడితే రాత్రి డ్యూటీ అమ్మాయి వెతుక్కోనక్కర్లేదు.

మెట్టెలు, ఉంగరాలు, గాజులు వాపు రాకముందే తీయించండి. మెట్టెలు తీయమంటే కొందరు ముత్తయిదువలు ఒప్పుకోరు. కసురుకోవద్దు. వాపు వస్తే అదే మెట్టె వేలికి ఉరి అవుతుందని చెప్పి, సబ్బునీళ్లు రాసి మెల్లగా తీసి, కొంగున ముడి వేసుకోమని చేతికివ్వండి. కావాలంటే బాగున్న కాలి మెట్టె ఉంచండి. అత్తగారు పక్కనుంటే ఆవిడతోనే తీయించండి, గొడవ ఉండదు.

2. నొప్పి తగ్గకపోతే అది కబురు

వేసవి సెలవుల్లో వార్డు పిల్లలతో నిండిపోతుంది. మామిడిచెట్టు మీంచి పడ్డవాడు, సైకిల్ మీంచి పడ్డవాడు, మోచేతి పైన ఎముక విరిగినవాడు. ఎముక సరిచేసి కట్టు వేశాక నొప్పి తగ్గుతూ రావాలి. మందు ఇచ్చాక కూడా పెరుగుతుంటే, పిల్లాడు అన్నం వద్దని, ఆట వద్దని ఒకటే ఏడుస్తుంటే, మీరు మెల్లగా వేళ్లు చాపబోతే కెవ్వుమంటే ఇంకేమీ ఆలోచించకండి. కండరాల గదుల్లో ఒత్తిడి పెరుగుతోందని అనుకుని అప్పటికప్పుడు డ్యూటీ డాక్టరును పిలవండి. దీన్నే కంపార్ట్‌మెంట్ సిండ్రోమ్ అంటారు.

ఇక్కడ తెలిసినవాళ్లు కూడా ఒకచోట పొరపడతారు. నాడి తగులుతోంది కదా, ఫరవాలేదు అనుకుంటారు. నాడి పోవడం చివరి గుర్తు, వేళ్లు కదలకపోవడం కూడా ఆలస్యంగా వచ్చేదే. మొదటి గుర్తు నొప్పి. రక్తం అందక కండరం గంటల్లో చచ్చిపోతుంది, 6 గంటలు దాటితే చాలావరకు తిరిగి రాదు. చెయ్యి కొంకిలాగా ముడుచుకుపోయి మిగులుతుంది. ఇలా ఎందుకవుతుందో 1881లోనే ఫోక్‌మన్ అనే జర్మన్ సర్జన్ వివరించాడు. ఇన్నేళ్లయినా అది ఇంకా చూస్తున్నామంటే, రాత్రి రెండింటికి ఏడ్చే పిల్లాడికి ఇంకో నొప్పి ఇంజెక్షన్ ఇచ్చి పడుకోబెట్టే అలవాటు ఇంకా పోలేదన్నమాట.

డాక్టరు వచ్చేలోపు మీరు చేయగలిగింది ఉంది. చేతిని గుండె ఎత్తులో ఉంచండి. వాపు అని దిండ్ల మీద ఎత్తుగా పెడితే వచ్చే రక్తం ఇంకా తగ్గుతుంది. ఐస్ పెట్టకండి. కట్టు కోసే సామాను మంచం దగ్గరికి తెచ్చి పెట్టండి. పైన కట్టు, లోపల దూది, అంతా చర్మం కనపడేదాకా విప్పాల్సి ఉంటుంది.

పిల్లల నరాలు పరీక్షించడానికి ఆటలాంటి పద్ధతి ఉంది. బొటనవేలు పైకెత్తి చూపించమనండి. బొటనవేలు, చూపుడువేలు కొసలు కలిపి సున్నా చుట్టమనండి. తరువాత ఐదువేళ్లూ విప్పి దూరంగా చాపమనండి. మూడూ చేశాడంటే చేతికి వెళ్లే మూడు పెద్ద నరాలూ పనిచేస్తున్నట్టే. ఏది చేయలేకపోయాడో టైముతో సహా రాయండి.

నాటుకట్టు వేయించుకుని, అది బిగిసి వేళ్లు నల్లబడ్డాక వచ్చేవాళ్లుంటారు. ముందు కట్టు విప్పండి. ఎందుకు వేయించారని నిలదీస్తే, ఎప్పుడు కట్టారో, ఎన్నిసార్లు లాగారో, ఏం రాశారో చెప్పకుండా దాచేస్తారు. ఆ లెక్కే మనకు కావాలి.

3. పిండికట్టు ఆరేదాకా

సిమెంటుకట్టు అని జనం పిలిచే పీఓపీ కట్టు 1850ల నాటి డచ్చి సైనిక వైద్యుడు మాతైసెన్ పద్ధతి. పది నిమిషాల్లో గట్టిపడుతుంది గానీ లోపలిదాకా ఆరడానికి 24 నుంచి 72 గంటలు పడుతుంది. తడిగా ఉన్నప్పుడు అరచేతులతోనే ఎత్తాలి. వేలికొసలతో పట్టుకుంటే పడ్డ నొక్కు లోపలివైపు చర్మాన్ని రోజుల తరబడి ఒత్తుతుంది. దుప్పటి కప్పకండి, గాలి తగలనివ్వండి. వేడిగా ఉందని పేషెంటు భయపడితే, గట్టిపడేటప్పుడు వేడి పుట్టడం మామూలేనని చెప్పండి. కొన్నిరోజులయ్యాక ఒకేచోట మంటగా ఉందన్నా, కట్టు మీద ఒకచోట వెచ్చగా తగిలినా, వాసన వచ్చినా లోపల పుండు పడిందని అనుమానించాలి. దురదపెడితే అల్లికసూదులూ పుల్లలూ దూర్చేస్తుంటారు. ముందే హెచ్చరించండి.

4. బరువులు గాల్లో వేలాడాలి

ట్రాక్షన్ కట్టిన మంచాలు ఇప్పుడు తగ్గాయి, ఆపరేషన్లు త్వరగా అవుతున్నాయి. అయినా ఆపరేషన్ కోసం ఆగిన తొడ ఎముకలకూ, పసిపిల్లలకూ ఇంకా కడుతూనే ఉన్నారు. చర్మానికి అంటించే ట్రాక్షన్‌కు పెద్దవాళ్లకైనా 4, 5 కిలోలకు మించి కట్టరు. డ్యూటీలోకి వచ్చిన వెంటనే తాడు వెంబడి చూపు పోనివ్వండి: తాడు కప్పీ మీదే ఉందా, ముడి కప్పీలో ఇరుక్కుందా, బరువు నేలకు తగిలిందా, పాదం మంచం అంచుకు ఆనుకుందా. పేషెంటు కిందికి జారిపోయి పాదం అంచుకు ఆనితే ఎన్ని కిలోలు కట్టినా లాగడం లేనట్టే. మంచం కాళ్లవైపు చెక్కదిమ్మలు పెట్టి ఎత్తేది అలా జారకుండా ఉండటానికే.

అటెండెంట్లతో జాగ్రత్త. నాన్నకు నొప్పిగా ఉందని కొడుకు బరువుల కింద స్టూలు పెట్టేస్తాడు. ప్రేమతో చేసే పని అది. ఆ బరువే నొప్పి తగ్గిస్తోందని, కండరం ఎముకను లాగేయకుండా పట్టి ఉంచుతోందని నిలబడి వివరించండి. ఊడ్చేటప్పుడు బరువులు కదపవద్దని ఆయాకు కూడా చెప్పాలి.

మోకాలి కింద బయటివైపు చిన్న బొడిపె ఉంటుంది కదా, దాని మెడ చుట్టూ తిరిగే నరం చర్మానికి చాలా దగ్గర. కాలు బయటికి ఒరిగి ఆ నరం మంచానికో పట్టీకో నొక్కుకుంటే పాదం వేలాడిపోతుంది. బొటనవేలు పైకెత్తమనండి. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య చర్మం తాకి, తెలుస్తోందా అని అడగండి. అర నిమిషం పని. ఒక మనిషి జీవితాంతం పాదం ఈడ్చుకుంటూ నడవాల్సిన అవసరం దానితో తప్పుతుంది.

5. మడమ

పడకపుండు అనగానే నడుము కింద చూస్తారు. చూడండి. దాంతోపాటు మడమ చూడండి. విరిగిన కాలు కదపలేక, బాగున్న కాలి మడమతో మంచాన్ని తన్నుకుంటూ పైకి జరుగుతుంటారు ముసలివాళ్లు. అందుకని ఆ కాలికీ పుండు పడుతుంది. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కితే తెల్లబడాలి. తెల్లబడలేదంటే పుండు మొదలైనట్టే. రుద్దకండి, స్పిరిట్ పూయకండి, గుండ్రటి రింగు పెట్టకండి. దిండును పిక్క కింద పొడుగ్గా పెట్టి మడమ గాల్లో ఉండేలా చూడండి. రెండేసి గంటలకు ఒత్తిడి చోటు మార్చండి. పక్కకు తిప్పడానికి వీల్లేని ట్రాక్షన్ పేషెంటయితే తలపైన కడ్డీ పట్టుకుని కాస్త పైకి లేవమనండి, మీరు ఆ క్షణంలో దుప్పటి ముడతలు లాగి వీపు చూసేయండి. అన్నం మెతుకు ఒకటి వీపు కింద రాత్రంతా ఉన్నా చాలు, వృద్ధుల చర్మం చిట్లుతుంది.

6. నీళ్లు ఎందుకు తాగడం లేదు?

ఎముకల వార్డులో ఆడవాళ్లు నీళ్లు తాగరు. అడిగితే దాహం లేదంటారు. అసలు కారణం బెడ్‌పాన్. తాగితే పాన్ అడగాలి, అడిగితే తెర లేదు, పక్క మంచం వాళ్ల మగవాళ్లు ఉన్నారు, ఆయా విసుక్కుంటుంది, నడుము ఎత్తితే ప్రాణం పోతుంది. అందుకని గ్లాసు పక్కనపెట్టి పెదవులు తడుపుకుంటూ పడుకుంటారు. మూడోరోజుకు మూత్రంలో మంట, చలిజ్వరం, మలబద్ధకం. కదలకుండా పడుకున్న మనిషి ఎముకల్లోంచి కాల్షియం కరిగి మూత్రంలోకి పోతుంటుంది. నీళ్లు తక్కువైతే రాళ్లు కూడా పడతాయి. నొప్పికిచ్చే ట్రమడాల్ లాంటివి మలబద్ధకాన్ని ఇంకా బిగిస్తాయి.

ఇంత కథకూ మందు ఒక తెర. దొరక్కపోతే రెండు చీరలు. విజిటర్లను ఐదు నిమిషాలు బయటికి పంపండి. వెనకభాగం పల్చగా, చెప్పులాగా ఉండే పాన్ వార్డులో ఉంచుకోండి, తుంటి విరిగినవాళ్లు నడుము ఎక్కువ ఎత్తక్కర్లేదు. బాగున్న కాలు ముడిచి, కడ్డీ పట్టుకోమని, ఇద్దరు కలిసి పెట్టండి. లోహపు పాన్ చలికాలంలో గోరువెచ్చటి నీళ్లతో కడిగి తుడిచి పెట్టండి. అన్నిటికన్నా ముందు, వాళ్లు అడగకముందే మీరే వెళ్లి అడగండి: అన్నం ముందు, అన్నం తరువాత, పడుకోబోయే ముందు. గుండె, కిడ్నీ జబ్బు లేనివాళ్లు రోజుకు 2 లీటర్లకు పైగా తాగాలి. సీసా మీద గీత గీసి ఇస్తే ఎంత తాగారో వాళ్లకే తెలుస్తుంది.

సిగ్గు కాపాడటం వైద్యంలో భాగమని నేను గట్టిగా నమ్ముతాను. తెర వేయని వార్డులో యాంటీబయాటిక్‌లు ఎన్ని పోసినా ఖర్చే.

7. పథ్యం

ఆపరేషన్ అయిన మనిషికి పప్పు పెడితే చీము పడుతుందని, వంకాయ దురద అని, పెరుగు వాతమని, గుడ్డు వేడి అని ఇంటివాళ్లు అన్నీ మాన్పిస్తారు. చారన్నం, బ్రెడ్డు, ఇడ్లీతో పదిరోజులు గడుస్తాయి. కుట్లు మానడానికీ, ఎముక అతుక్కోవడానికీ మాంసకృత్తులు కావాల్సిన రోజులవే. పథ్యం మూఢనమ్మకమని మామ్మగారితో వాదిస్తే ఆవిడ మీ ముందు తల ఊపి, మీరు వెళ్లాక మళ్లీ చారే కలుపుతుంది. ఏది తినడానికి అభ్యంతరం లేదో అడిగి అందులోంచి వెతకండి. పప్పు వద్దంటే పెసరకట్టు ఒప్పుకుంటారు. గుడ్డు ఒకదానిలో సుమారు 6 గ్రాముల మాంసకృత్తులుంటాయి. పాలు, చేపల పులుసు, వేరుశెనగలు, రాగిజావ. సర్జన్ గారితో రౌండ్లలో ఒక్కసారి "పప్పు పెట్టండమ్మా" అనిపించండి, పని సగం అవుతుంది. బీడీ, చుట్ట మాత్రం మాన్పించాలి. పొగ తాగేవాళ్లకు ఎముక ఆలస్యంగా అతుక్కుంటుంది, కొందరికి అసలు అతుక్కోదు.

8. చిరాకుపడే కుర్రాడు

మోటార్‌సైకిల్ ప్రమాదం, తొడ ఎముక విరిగింది. నిన్నంతా మాట్లాడినవాడు ఈ రాత్రి సెలైన్ పీకేస్తున్నాడు, తల్లిని గుర్తుపట్టడం లేదు, మంచం దిగబోతున్నాడు. మందు అలవాటుంది కదా, అందుకే అని అంటారు పక్కవాళ్లు. అలా తేల్చేయకండి. పెద్ద ఎముకలు విరిగిన 24 నుంచి 72 గంటల మధ్య, మూలుగలోని కొవ్వు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకూ మెదడుకూ చేరవచ్చు. ఊపిరి లెక్కపెట్టండి, పూర్తిగా ఒక నిమిషం. ఆక్సిజన్ శాతం చూడండి. చొక్కా విప్పి ఛాతీ, చంకలు చూడండి. కింది రెప్ప లాగి చూడండి. దోమకాటులాంటి ఎర్రటి చుక్కలు కనపడవచ్చు, కొందరిలో రాకపోవచ్చు కూడా. ఆక్సిజన్ పెట్టి డాక్టరును పిలవండి. మంచానికి చేతులు కట్టేయడం, నిద్ర ఇంజెక్షన్ అడగడం ముందు చేసే పనులు కావు.

ఇదే జాతికి చెందినది పిక్కలో గడ్డకట్టే రక్తం. ఒక పిక్క వాచి, వెచ్చగా, నొప్పిగా ఉందంటే చెప్పాల్సింది డాక్టరుకే. మన ఇళ్లలో కాలు నొప్పనగానే నూనె పెట్టి పిసుకుతారు. ఆ పిసుకుడుకు గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లో అడ్డం పడగలదు. వద్దని మొదటిరోజే చెప్పండి. దానికి బదులు గంటగంటకూ పాదాన్ని పైకీ కిందికీ ఆడించే పని అప్పగించండి. ఏదో ఒకటి చేస్తున్నామన్న తృప్తి ఇంటివాళ్లకు కావాలి.

9. అందరి వెన్నూ ఒకటి కాదు

మన దేశంలో ఫ్లోరోసిస్ జబ్బును 1937లో మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో. నల్గొండ ఊళ్లలో నడుము వంగిపోయిన మనుషులను చూడనివారుండరు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముక చిక్కబడుతుంది గానీ పెళుసవుతుంది, మెడా వెన్నూ కలిసి కర్రలా బిగిసిపోతాయి. అలాంటివారు కాలు విరిగి వస్తే, పుస్తకంలో ఉన్నట్టు వెల్లకిలా చదునుగా పడుకోబెట్టబోతే విలవిల్లాడిపోతారు. ఆ మనిషి ఇంట్లో ఎలా పడుకుంటాడో భార్యను అడిగి, అలాగే దిండ్లు అమర్చండి. మెడ వంగదన్న సంగతి మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, గొట్టం వేయడం కష్టమవుతుంది. పక్కటెముకలు కూడా బిగిసి ఉంటాయి కాబట్టి ఊపిరి మీద ఓ కన్ను ఎక్కువగా ఉంచండి.

10. నెలల తరబడి పడుకునేవాళ్లు

ఇంగ్లండ్‌లో ఆగ్నెస్ హంట్ అనే నర్సు ఉండేది. చిన్నతనంలోనే తుంటి జబ్బుతో కుంటితనం వచ్చింది. 1900లో బాస్‌చర్చ్ గ్రామంలో ఎముకల జబ్బున్న పిల్లల కోసం ఇల్లు తెరిచి, వాళ్లను షెడ్లలో గాలీ వెలుతురూ తగిలేలా పడుకోబెట్టింది. లివర్‌పూల్ నుంచి రాబర్ట్ జోన్స్ అనే సర్జన్ వచ్చి ఆపరేషన్లు చేసేవాడు. ఎముకల నర్సింగ్ అనే ప్రత్యేక విద్యకు ఆవిడను మూలంగా చెబుతారు. నాకు ఆవిడలో నచ్చింది, పడుకుని ఉన్న పిల్లల రోజు ఎలా గడుస్తుందో పట్టించుకోవడం.

మన వార్డులో పడుకున్న ఆటో డ్రైవరుకు కాలితోపాటు నెల వాయిదా, పిల్ల ఫీజు కూడా మెదడులో తిరుగుతుంటాయి. గోడవైపు తిరిగి ముసుగు కప్పుకున్నాడంటే అడగండి. మంచం కిటికీ వైపు తిప్పండి. పక్కవాడికి పేపరు చదివి వినిపించమనండి. గడ్డం గీయించండి. ఆరోగ్యశ్రీ కాగితాలు ఎక్కడ ఆగాయో కనుక్కోండి. నొప్పికి ఎన్ని మార్కులని పదికి అడిగినప్పుడు, రైతులు చాలామంది తక్కువే చెబుతారు. ముఖం చూడండి, పళ్లు బిగించడం చూడండి. డ్రెస్సింగుకూ వ్యాయామానికీ అరగంట ముందే నొప్పిమందు వేస్తే ఆ రెండింటికీ సహకరిస్తారు.

11. డ్యూటీ అప్పగింత మంచం దగ్గరే

నర్సుల గదిలో కూర్చుని రిజిస్టరు చదివితే అప్పగింత అవ్వదు. ఇద్దరూ కలిసి దుప్పటి తీసి పాదం తాకాలి. మీరు వెచ్చగా ఉందని రాసింది ఆ అమ్మాయి చేతికీ వెచ్చగా తగలాలి.

12. ఇంటికి పంపేముందు ఇల్లు అడగండి

తుంటి మార్చిన పెద్దావిడకు, కోత వెనకవైపు నుంచి పెట్టి ఉంటే, తుంటి 90 డిగ్రీలు దాటి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిప్పకూడదు. కనీసం ఆరు వారాలు, చాలామంది సర్జన్లు మూడు నెలలంటారు. ఈ మూడు నియమాలు చదివి వినిపిస్తే ఆవిడ సరేనంటుంది. ఇంటికి వెళ్లి పీట మీద కూర్చుని కూర తరుగుతుంది.

అందుకని ఇల్లు అడగండి. మరుగుదొడ్డి నేల మీద కూర్చునేదా? మంచం నులకదా, ఎంత కిందికి దిగుతుంది? దేవుడి గది నేల మీదా? స్నానం ఎక్కడ? ఇంటికి ఎన్ని మెట్లు ఎక్కి దిగాలి? కమోడు కుర్చీ కొనే స్తోమత లేకపోతే, పాత ప్లాస్టిక్ కుర్చీ సీటు మధ్యలో కోయించి కాళ్ల కింద జారకుండా రబ్బరు వేయించమనండి, ఎక్కించే ముందు బరువాపుతుందో లేదో కొడుకును కూర్చోబెట్టి చూడమనండి. నులకమంచం మీద బల్లచెక్క వేయమనండి. పడుకునేటప్పుడు కాళ్ల మధ్య దిండు. మోకాలు మార్చినవాళ్లకు మాత్రం మోకాలి కింద దిండు పెట్టవద్దని రెండుసార్లు చెప్పండి. హాయిగా ఉంటుందని పెట్టేస్తారు, కాలు వంగినట్టే బిగుసుకుంటుంది.

కాలు తీసేసినవాళ్లకూ అదే జాగ్రత్త. మిగిలిన భాగం కింద దిండు ఎత్తు అలవాటైతే తుంటి ముడుచుకుపోయి, రేపు జైపూర్ పాదం వచ్చినా నిలబడలేరు. రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టాలి.

చెప్పడం అయ్యాక, ఇంట్లో చూసుకునేది ఎవరో వాళ్లను ముందుకు పిలవండి. చాలాసార్లు కోడలు, వెనక నిలబడి ఉంటుంది. మంచం మీంచి లేపడం, వాకర్ పట్టించడం, కూర్చోబెట్టడం ఆమె చేత మీ ముందే చేయించండి. తప్పు చేస్తే మళ్లీ చేయించండి. కుట్లు తీయించుకోవడానికి వచ్చే తేదీ, జ్వరం వచ్చినా గాయం కారినా పిక్క వాచినా ఫోను చేయాల్సిన నంబరు పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఆమె చేతికే ఇవ్వండి.